టమాటాకు ఖర్చు ఒకటే, ధరలే రెండు



కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల అంటే నాపరాయి. ఆ రాతినేలకు కొంత దూరంలో ప్యాపిలి, పత్తికొండ. అక్కడ టమాటా పండుతుంది.

2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటింది. ఇంటింటా అదే మాట. ప్రభుత్వమే కొని, రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. సెప్టెంబరుకు పత్తికొండలో ధర కుప్పకూలింది. పంటను రోడ్డు పక్కన పారబోసినవాళ్లు ఉన్నారు.

మరి రైతు ఖర్చు? అది తగ్గలేదు. నారు, మందులు, కోత కూలి, బండి బాడుగ... ఏదీ తగ్గలేదు. మారిందల్లా ఆ పొద్దు మార్కెట్‌కు వచ్చిన సరుకే. టమాటా నిలవ ఉండదు. వెనక్కి తీసుకుపోదామంటే మళ్లీ బాడుగ. అందుకే ఎంతంటే అంతకు ఇచ్చేస్తాడు.

వరికి, జొన్నకు, వేరుశనగకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. టమాటాకు లేదు. ఉల్లికీ లేదు. 2025లో కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోతే, రాష్ట్రమే దిగి క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సివచ్చింది.

ధర పడినా ఖర్చు తగ్గదు. ఆ తేడా మొత్తం రైతు ఇంటి అప్పులోకే చేరుతుంది. ఇది అన్యాయం. పత్తికొండ రైతులు టమాటా గుజ్జు ఫ్యాక్టరీ కావాలని ఏళ్లుగా అడుగుతూ వచ్చింది ఇందుకే. గుజ్జు చేస్తే, ధర లేని రోజున పంట కొన్నాళ్లు ఆగగలదు.