గాలివానకు రాలిన కాయ ఎవరి లెక్కలో పడాలి?

మామిడి తోట మీద బ్రతికేవారికి ఏడాది మొత్తంలో అసలైన పరీక్షాకాలం వేసవి చివరి రోజులే. డిసెంబరు, జనవరి నెలల్లో పూత వస్తుంది. తరువాత పిందె కడుతుంది. ఏప్రిల్ నాటికి కాయ బరువెక్కి కొమ్మ కిందికి వంగుతుంది. సరిగ్గా అప్పుడే, పెట్టిన సొమ్మంతా చెట్టు మీద వ్రేలాడుతున్న సమయంలో, ఈదురుగాలుల కాలం మొదలవుతుంది. పగలంతా నిప్పులు చెరిగిన ఆకాశం సాయంత్రానికి నల్లబడుతుంది. అరగంట గాలి, పావుగంట వడగళ్ళు, అంతే. తెల్లవారి చూస్తే కాయ చెట్టు కింద పరచుకొని ఉంటుంది. నూజివీడు రసాలైనా, బంగినపల్లి అయినా, చిత్తూరు తోతాపురి అయినా, కొల్లాపూర్, జగిత్యాల తోటలైనా ఈ భయం అందరికీ ఒక్కటే.

ఈ గాలివాన ఎలా పుడుతుందో నేడు మనకు తెలుసు. ఎండకు కాగిన నేల మీది గాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుండి వచ్చిన తేమ దానికి తోడవుతుంది. కొన్ని గంటల్లోనే పన్నెండు కిలోమీటర్లకు పైగా ఎత్తున క్యుములోనింబస్ మేఘం నిలబడుతుంది. దానిలో పైకి ఎగసిన నీటిబొట్లు గడ్డకట్టి, పొర మీద పొర పేరుకొని వడగళ్ళవుతాయి. మేఘం నుండి కిందికి దూసుకొచ్చిన చల్లగాలి నేలను తాకి నలువైపులా విసురుతుంది. అయితే ఆ మేఘం ఏ ఊరి మీద విరుచుకుపడుతుందో వాతావరణ శాఖ కచ్చితంగా చెప్పగలిగేది రెండు మూడు గంటల ముందే. ఆ వ్యవధిలో ఐదెకరాల కాయ కోయడం ఎవరి తరం?

పెద్ద వానల సంగతీ అంతే. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే సాధారణ తేదీ జూన్ 1. కాని 2023లో అవి జూన్ 8న వచ్చాయి, 2025లో మే 24నే వచ్చేశాయి. రెండేళ్ళ తేడాలో రెండు వారాల మార్పు! 1990 మే నెలలో వచ్చిన పెనుతుఫానును, 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలాను కోస్తా రైతులు ఇంకా మరచిపోలేదు. కనుక వేసవి చివర ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మరి విశ్వాసి ఏం చేయాలి? చేతులు ముడుచుకొని కూర్చోవడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. తోట చుట్టూ గాలికి అడ్డుగా సరుగుడు వేయడం, పక్వానికి వచ్చిన కాయను విడతలు విడతలుగా కోసుకోవడం, కాయలకు సంచులు తొడగడం, ఇవన్నీ ఒంటెను కట్టడం లాంటివే. గాలిని తిట్టవద్దని కూడా ఆయన వారించారు. అది తన ఇష్టం వచ్చినట్లు వీచేది కాదు, ఆజ్ఞకు లోబడి వీచేది. ఇక గాలివాన భయంతో పచ్చి కాయను దులిపేసి, నిషేధించిన కార్బైడుతో రంగు తెప్పించి అమ్మేవారున్నారు. వారు తమ నష్టాన్ని తినేవారి ఒంట్లోకి నెడుతున్నారు. అది జాగ్రత్త కాదు, మోసం.

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. జాగ్రత్తలన్నీ తీసుకున్నాక కూడా కాయ రాలిపోతే, ఆ నష్టం ఎవరిది?

మన ప్రాంతాల్లో చాలామంది తోట యజమానులు తామే కాయ కోసి అమ్మరు. పూత మీదనో, పిందె మీదనో గుత్తకు ఇచ్చేస్తారు. గుత్తేదారు చెట్లను చూసి, కాపు అంచనా వేసి, ధర మాట్లాడి, బయానా ఇస్తాడు. మందులు కొట్టించి, గుడిసె వేసి కాపలా కాస్తాడు. పండ్ల వ్యాపారం మన సమాజంలో ఎన్నో కుటుంబాల జీవనాధారం కనుక ఇది మనకు పరాయి విషయం కాదు. ఒక యజమాని 5 ఎకరాల తోటను 4 లక్షలకు ఇచ్చాడనుకుందాం. 2 లక్షలు ముందే పుచ్చుకున్నాడు, మిగతా 2 లక్షలు కోత అయ్యాక ఇవ్వాలి. మే మొదటి వారంలో గాలివాన వచ్చి సగం కాయ పోయింది. రాలిన కాయను ఊరగాయ వ్యాపారికి అమ్మితే 20 వేలు వచ్చాయి. ఇప్పుడు ఆ మిగతా 2 లక్షల మాటేమిటి?

యజమాని అంటాడు: "ఒప్పందం ఒప్పందమే. కాపు విరగకాసి, మండీలో ధర రెట్టింపై ఉంటే నాకు అదనంగా ఇచ్చేవాడా?" ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. గుత్తేదారు అంటాడు: "నేను కొన్నది కాయను. చేతికి రాని కాయకు డబ్బెలా ఇవ్వను?" ఇదీ తీసిపారేయదగ్గది కాదు. ఇద్దరూ నమాజుకు ఒకే వరుసలో నిలబడేవారే కావచ్చు. తీర్పు ఎక్కడ దొరుకుతుంది?

ఈ తగాదా మదీనాలోనూ వచ్చింది. అక్కడ మామిడికి బదులు ఖర్జూరం, అంతే తేడా. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చెప్పిన విషయాన్ని ఇమామ్ బుఖారీ (రహ్మ) నమోదు చేశారు. ప్రజలు కాయను ముందుగానే అమ్ముకునేవారు. కోత సమయానికి డబ్బు అడిగితే, కాయకు తెగులు తగిలిందని కొన్నవారు అనేవారు. పేచీలు ఎక్కువయ్యేసరికి, కాయ పక్వానికి వచ్చిన జాడ కనబడేవరకు అమ్మవద్దని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. రాబోయే కొన్నేళ్ళ కాపును ఒకేసారి అమ్మడాన్ని కూడా ఆయన నిషేధించారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. రెండు మూడేళ్ళ కాపును ఒకే మాటలో గుత్తకు ఇచ్చే మన అలవాటును ఈ వెలుగులో ఒకసారి చూసుకోవాలి కదా!

సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ద్వారానే మరో బోధన ఉంది. అమ్మిన పండ్లకు ఆపద తగిలితే, వాటి వెల సోదరుడి నుండి తీసుకోవడం ధర్మసమ్మతం కాదని దాని సారాంశం. ఏమీ ముట్టకుండానే అతని సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావని అందులో నిలదీయడం ఉంది. యజమాని వాదనకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. మండీలో ధర పెరిగినా తగ్గినా అది వ్యాపారం. దాని లాభనష్టాలు కొన్నవాడివే. కాని గాలివాన వ్యాపారం కాదు. అమ్మిన వస్తువే లేకుండా పోయినప్పుడు దాని వెల అడగడానికి ఆధారమేముంది?

ఇక్కడ ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉందని దాచనక్కరలేదు. నష్టం మూడో వంతుకు చేరితే వెల తగ్గించి తీరాలని ఇమామ్ మాలిక్ (రహ్మ) అన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో, కాయను కొన్నవాడికి అప్పగించాక నష్టం అతనిదే, తగ్గించడం మేలైన పని మాత్రమే. పండ్లు కొని నష్టపోయి అప్పులపాలైన ఒక వ్యక్తి ఉదంతాన్ని ఈ పక్షం వారు చూపుతారు. అతనికి దానం చేయమని దైవప్రవక్త (స) ప్రజలను కోరారు. వచ్చింది అప్పుకు సరిపోలేదు. ఉన్నది తీసుకోండి, అంతకుమించి మీకు లేదని అప్పులవారికి చెప్పారు. గమనించండి! వెల చెల్లించవలసిందే అనుకున్నా, ఆ మనిషిని ఒంటరిగా వదిలేయలేదు. సమాజం చేయి వేసింది, అప్పులవారు ఆగారు. ఏ అభిప్రాయాన్ని పట్టుకున్నా, నష్టపోయినవాడి గొంతు మీద కూర్చునే హక్కు మాత్రం ఎవరికీ దొరకదు.

ఇమామ్ మాలిక్ (రహ్మ) తన ముఅత్తాలో చేర్చిన ఒక సంఘటన మరింత స్పష్టంగా దారి చూపుతుంది. ఒక వ్యక్తి తోట కాపును కొన్నాడు. దాని బాగోగులు చూశాడు, చివరికి నష్టం తేలింది. కొంత తగ్గించమని, లేదా బేరం రద్దు చేయమని యజమానిని బతిమాలాడు. చేయనుగాక చేయనని యజమాని ఒట్టు పెట్టుకున్నాడు. కొన్నవాడి తల్లి వెళ్ళి దైవప్రవక్త (స)కు చెప్పుకుంది. మంచి చేయనని ఒట్టు వేశాడా అని ఆయన బాధపడ్డారు. ఆ మాట చెవినపడగానే యజమాని పరుగున వచ్చి, అతను కోరినట్లే కానిమ్మన్నాడు. అక్కడ బలవంతం లేదు, జరిమానా లేదు. "మంచి చేయనని ఒట్టు" అనే మాటే అతన్ని కదిలించింది. మనలను కదిలిస్తుందా?

అయితే న్యాయం ఒకవైపే ఉండదు. మన ఉదాహరణలో యజమాని మిగతా 2 లక్షలు వదులుకుంటే, రాలిన కాయ మీద వచ్చిన 20 వేలను గుత్తేదారు దాచకుండా లెక్కలో చూపాలి. పావు వంతు పోతే సగం పోయిందనడం, మందు కొట్టక పోయిన కాయను గాలి ఖాతాలో వేయడం హరామ్ సొమ్మే. కూలీలకు, కాపలావాడికి గాలివాన సాకు చూపి కూలి ఎగవేయరాదు. వారు కాయను కొనలేదు, చెమటను అమ్మారు. ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తే అది చాలాసార్లు పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో వారి ఖాతాలోనే పడుతుంది. గుత్త సొమ్ము పూర్తిగా వసూలు చేసుకొని, ఆ పరిహారాన్నీ తానే ఉంచుకున్న యజమాని ఒకే కాయకు రెండుసార్లు వెల తీసుకున్నట్లే. ఇక తోట యజమాని ఒక వితంతువై, గుత్తేదారు పది తోటలు పట్టిన పెద్ద వ్యాపారి అయితే? అప్పుడు తన హక్కులో కొంత వదులుకోవడం ఆ వ్యాపారికే శోభనిస్తుంది.

అన్నిటికంటే మంచిది, పేచీ పుట్టకముందే దారి వేసుకోవడం. కాయ తయారై కనబడ్డాకే బేరం చేయండి. లేదా ఖైబర్ తోటలను దైవప్రవక్త (స) సగం పంటకు అప్పగించినట్లు పాలుకు ఇవ్వండి. అప్పుడు గాలి వీచినా, కాపు పండినా ఇద్దరికీ ఒకటే. గాలివాన వస్తే నష్టం ఎవరు లెక్కకట్టాలో, ఎంత తగ్గించాలో ముందే కాగితం మీద వ్రాసి సాక్షుల చేత సంతకం చేయించండి. ఒప్పందం ధర్మసమ్మతమో కాదో మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

సోదరులారా! వడగళ్ళు ఎవరి తోట మీద పడాలో నిర్ణయించేది మనం కాదు. ఆ విషయంలో మనల్ని ఎవరూ ప్రశ్నించరు. కాని పడిన తరువాత ఆ భారాన్ని పంచుకున్నామా, లేక బలహీనుడి భుజం మీదికి నెట్టామా అన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోని పని. రేపు ప్రభువు సన్నిధిలో లెక్క చెప్పవలసింది దానికే. ఈ ఏడు తోట ఇచ్చేవారు, తోట పట్టేవారు బయానా చేతులు మారకముందే ఈ విషయం కూర్చొని మాట్లాడుకోవాలని మా మనవి.