ఎవరూ అడగని ఫోటోలు

బళ్లారి

చిరంజీవి మనవరాలికి,

నువ్వు కెమెరా కొన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. దాంతోపాటు నువ్వన్న మాట కూడా చెప్పింది: “బళ్లారిలో తీయడానికేముంది, బండలూ దుమ్మూ ఎండా తప్ప? హంపి ఉందిలే అనుకుంటే, దాన్ని తీయనివాళ్లు లేరు.” ఫోన్‌లో జవాబిస్తే ఊఁ కొట్టి మరిచిపోతావు. కాగితం మీదైతే ఒక్కసారైనా పూర్తిగా చదువుతావని రాస్తున్నాను.

ముందు హంపి సంగతి. నీ పర్సులో కొత్త యాభై రూపాయల నోటుంటే తీసి వెనక్కి తిప్పు. విఠ్ఠలాలయం ముందున్న రాతిరథం కనబడుతుంది. అదే రథాన్ని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి ఫోటో తీశాడు. అప్పుడు హంపి మన బళ్లారి జిల్లాలోది. 2021లో విజయనగర జిల్లా విడిపోయేదాకా అట్లాగే ఉండింది. గ్రీన్‌లా ఫోటోలో ఆ రథం నెత్తిన ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది. నోటు మీద లేదు. తర్వాతి కాలంలో దాన్ని తీసేశారు. రాయి శాశ్వతమని మనం నమ్మే చోట కూడా ఎంత మారిందో ఆ పాత ఫోటో చెబుతుంది.

ఆయన పద్ధతి ఎంత కష్టమైనదో విను. కాగితానికి మైనం పట్టించాలి, వెండి లవణాలు పూసి వెలుగును పట్టే గుణం తేవాలి, పెద్ద పెట్టెలాంటి కెమెరాలో పెట్టి నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. అంత శ్రమపడేవాడు ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకుంటాడు గదా! 1983లో ఆస్ట్రేలియా నుంచి జాన్ గోలింగ్స్ అనే ఫోటోగ్రాఫరు వచ్చి, గ్రీన్‌లా నిలబడిన చోట్లు వెతుక్కుని, అక్కడే నిలబడి మళ్లీ తీశాడు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే మధ్యనున్న నూటపాతికేళ్లూ కళ్లకు కడతాయి. కాబట్టి “అందరూ తీసేశారు” అనే మాట నా దగ్గర చెల్లదు. ఒకరు తీశారంటే, మళ్లీ తీయడానికి కారణం దొరికిందనే అర్థం.

గ్రీన్‌లాకు కూడు పెట్టింది సైన్యం, కెమెరా కాదు. నేను నీకు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. పెళ్లి ఫోటోలు తీసేవాడికి తాళి కట్టే క్షణం తప్పిపోకూడదు. పత్రికలో పనిచేసేవాడికి సాయంత్రంలోపు బొమ్మ పంపాలి. నీ ఫోటో కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. అది చిన్నతనమనుకోకు, వరం. నచ్చినదాని దగ్గర నచ్చినంతసేపు ఉండొచ్చు, ఏమీ తీయకుండా తిరిగి రావొచ్చు. అయితే ఆ వరానికి ఒక బాధ్యత కూడా ఉంది: డబ్బిచ్చి ఎవరూ తీయించని వాటిని తీయాల్సింది నీలాంటివాళ్లే.

కూటి కోసం కాకుండా ఇష్టం కొద్దీ పనిచేసే ఈ ధర్మం మన ఊరికి కొత్తకాదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడ వకీలు. ఆయనతో పోటీపడి నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. ధర్మవరం మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా కోర్టులో వాదించి సంపాదించుకుని, రంగస్థలానికి ప్రాణం పెట్టినవాడు. నాటకం వాళ్లకు జీవనాధారం కాదు కాబట్టే దాన్ని చవకబారు చేయాల్సిన అగత్యం పడలేదు. తీరిక దొరికినప్పుడు చేసే పని తీరికగా చేస్తే చాలని వాళ్లు అనుకోలేదు. వృత్తిని ఎంత నిష్ఠగా చేశారో దీన్నీ అంతే నిష్ఠగా చేశారు.

కెమెరా పట్టినవాడే కావాలంటే సండూరు వైపు చూడు. అక్కడి రాజవంశంలో పుట్టిన ఎం.వై. ఘోర్పడే 1970లలో కర్ణాటక ఆర్థికమంత్రి. రాష్ట్రం జమాఖర్చులు చూసిన ఆ మనిషే అడవుల్లో గంటలకొద్దీ కాచుకుని కూర్చుని జంతువులను నలుపు తెలుపుల్లో ఫోటోలు తీశాడు. 1983లో ‘సన్‌లైట్ అండ్ షాడోస్’ అనే పేరుతో ఆ అనుభవాల పుస్తకం వేశాడు. నీకు తీరిక లేదని మీ అమ్మతో అన్నావట. మంత్రిగారికి దొరికిన తీరిక నీకు దొరకదా?

ఇప్పుడు నువ్వు ఈసడించిన బండల సంగతికి వద్దాం. ఊరికి దగ్గరలోనే సంగనకల్లు, కప్పగల్లు గుట్టలున్నాయి. వేల ఏళ్ల కిందట పశువులు మేపుకున్న మనుషులు అక్కడి నల్లరాళ్ల మీద రాతితో కొట్టికొట్టి పెద్ద కొమ్ముల ఎద్దుల బొమ్మలు దించారు. కొన్ని రాళ్లను కొడితే గంటలా మోగుతాయి. కొట్టీ కొట్టీ పడిన గుంటలు వాటి మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ మనుషులు బొమ్మ గీయడానికి దేన్ని ఎంచుకున్నారో గమనించు. ఎక్కడి వింతనో కాదు, తెల్లారి లేస్తే కళ్లెదుట ఉండే ఎద్దును. నువ్వు పోయేటప్పుడు పొద్దు వాలే వేళకు పో. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాయి మీది ఎత్తుపల్లాలు కలిసిపోతాయి. వెలుతురు పక్కనుంచి పడితే ప్రతి దెబ్బకూ నీడ వస్తుంది. బొమ్మల మీద సుద్ద రాయకు, నీళ్లు చల్లకు, కొట్టి చూద్దామని రాయి ఎత్తకు. ఫోటో బాగా రావాలని వస్తువును పాడుచేసేవాడికి కెమెరా పట్టుకునే అర్హత లేదు.

హోసపేటకు పోయే దారిలో కుడితిని దగ్గర బూడిదదిబ్బ ఉంది. హంపి దగ్గర నింబాపురంలోనూ ఒకటుంది. వాలిని దహనం చేసింది అక్కడేనని జనం చెప్పుకుంటారు. ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే పురాతత్త్వవేత్త పాలమూరు వైపు ఉట్నూరులో ఇలాంటి దిబ్బనే తవ్వి, అది కొత్తరాతియుగపు పశువుల దొడ్డిలో పేడ కాలి పేరుకున్న బూడిద అని చూపించాడు. పేడకంటే మామూలు వస్తువు ఇంకేముంది చెప్పు? అదే ఇవాళ చరిత్రకు సాక్ష్యమై నిలిచింది. మామూలువాటిని చిన్నచూపు చూడొద్దని నీకింతగా చెప్పడం అందుకే. గొప్పవాటిని కాపాడేందుకు శాఖలున్నాయి, కాపలాదార్లున్నారు. మామూలువి ఎప్పుడు పోయాయో కూడా ఎవరికీ తెలియదు.

కాబట్టి ఇక్కడికి వచ్చినప్పుడు మన ఇంట్లోనే మొదలుపెట్టు. మీ అవ్వ రోలు ఉంది. లోపలి గుంట నూనె రాసినట్టు నునుపు, అంచు గరుకు. ఆ నునుపు ఎన్ని చేతుల పనో ఆలోచించి, తర్వాత కెమెరా ఎత్తు. ఉగ్గాని కోసం బొరుగులు నీళ్లలో వేసి పిండేటప్పుడు అవ్వ వేళ్ల సందుల్లోంచి కారే నీళ్లను చూడు. వీధిలోకి పోతే జీన్సు కుట్టే ఇళ్ల ముందు నీలం పేలికల కుప్పలుంటాయి. ఊరి బయట, కన్నడంవాళ్లు మన ఊరి పేరుతోనే బళ్లారి జాలి అని పిలిచే సర్కారు తుమ్మ ఉంటుంది. అందరూ తిట్టుకునే చెట్టే గానీ, ఎండకు ఎదురుగా పెట్టి చూస్తే దాని సన్నాకుల మధ్య ముళ్లు ఎంత పొందికగా ఉంటాయో! ఇవన్నీ ఒకే రోజు తీయొద్దు. ఒక్క వస్తువును పట్టుకుని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి చూడు. అది నీకు పరిచయమయ్యేదాకా ఇంకోదాని జోలికి పోకు. స్ఫూర్తి ఎక్కడినుంచో వచ్చి మీదపడదు తల్లీ, పరిచయం ముదిరితే పుడుతుంది.

యంత్రం సంగతి కూడా ఒకటి చెబుతాను. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు నలుపూ తెలుపూ తెలియవు. ఎదురుగా ఏముంటే దాన్ని నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. నల్లరేగడి చేను తీస్తే వెలిసినట్టు వస్తుంది, పత్తి కుప్ప తీస్తే మాసినట్టు వస్తుంది. రేగడికి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించు, పత్తికి కాస్త పెంచు. సండూరు దారిలో ఇనుప ఖనిజం లారీల దుమ్ముకు ఆకులన్నీ ఎర్రబడి ఉంటాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఎరుపు తప్పనుకుని దిద్దబోతుంది. దాన్ని ఎండ గుర్తు మీద పెట్టేసెయ్. ఆ ఎరుపు చెట్టుకు అందం కాదు, బాధ. దాన్ని తుడిచేసినా అబద్ధమే, ఇంకా ముదురుగా చేసి చూపినా అబద్ధమే. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఫోటోకూ నీతే.

మనుషుల దగ్గర మరింత జాగ్రత్త. మిరప కల్లంలో కాయలు ఏరే ఆడవాళ్లు కనిపిస్తే ఆ ఎరుపు చూసి దూరంనుంచే లెన్సు గురిపెడతావేమో! వద్దు. ముందు దగ్గరికి పోయి, “ఏమక్కా, ఈ ఏడు ధరెట్లుంది?” అని పలకరించు. ఇది తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసి బతికే సరిహద్దు ఊరు, ఏదో ఒక భాషలో మాట కలుస్తుంది. ఘాటుకు నీకూ దగ్గొస్తుంది, అప్పుడు వాళ్లు నవ్వుతారు. తీయొచ్చా అని అడుగు. వద్దంటే మారుమాట లేకుండా కెమెరా దించు. సరేనంటే, తీసిన బొమ్మ అచ్చు వేయించి వాళ్ల చేతికిచ్చాకే లోకానికి చూపించు. పేదరికాన్ని ముచ్చటగా చూపి మెప్పు పొందడం దొంగసొమ్ము తినడమే.

నీ ఫోటోను ఎంతమంది మెచ్చారో రోజూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, నాలుగు వారాల్లో నువ్వు కూడా అందరూ తీసేదే తీస్తావు. అడిగేవాళ్లు లేరన్న వరం ఆనాటితో సరి. పోగొట్టుకోకు.

సంక్రాంతికి వస్తావు గదా, వచ్చేటప్పుడు ఒకే వస్తువు ఫోటోలు కొన్ని అచ్చు వేయించి తీసుకురా. ఏ వస్తువన్నది నీ ఇష్టం. దాని గురించి నాకు తెలియనిది ఒక్కటైనా నువ్వు చెప్పగలగాలి. చెప్పగలిగితే కెమెరాకు పెట్టిన డబ్బు దండగ కాలేదని మీ అమ్మకు నేనే చెబుతాను. ఫోన్‌లో చూపిస్తానంటే మాత్రం కుదరదు. నా కళ్లద్దాలకు అంత చిన్న బొమ్మలు ఆనవు.

ఇట్లు,
మీ తాత