పట్టిక తప్పని చెప్పిన బేరం

ఆర్మూరులో ఒక పసుపు అడ్తిదారు. కొమ్ము ధర ఎంత ఊగుతోంది, మండ ధర ఎంత ఊగుతోంది, రెండూ కలిసి ఎంత ఊగుతున్నాయో లెక్కతీయమని మేనల్లుడికి చెప్పాడు. ఎమ్మెస్సీ చదివిన పిల్లవాడు ఒక్క పూటలో పట్టిక వేసి తెచ్చాడు. కొమ్ము విస్తృతి 1, మండ విస్తృతి 1, రెంటి సహవిస్తృతి 2. పై వరుస 1, 2. కింది వరుస 2, 1.

“అన్నీ పాజిటివే మామా, ఇగ ఫికర్ లేదు.”

“మంచిది బిడ్డా. ఒక బస్తా కొమ్ము కొని, ఒక బస్తా మండ అమ్మినమనుకో. లాభనష్టాల విస్తృతి ఎంత?”

1లోంచి రెండుసార్లు 2 తీసి, 1 కలిపాడు. మైనస్ 2 వచ్చింది. విస్తృతి అంటే సగటు నుంచి ఉన్న తేడాల వర్గాల సగటు. అది సున్నాకు దిగువకు ఎట్లా పోతుంది?

“ఏ చిట్టా చూసినవ్?”

కొమ్ము విస్తృతి ధర పెద్దగా కదలని ఏడాది చిట్టాలోది, మిగతా రెండూ ధర ఎగిరిపడ్డ ఏడాదివి. మూడూ ఆ రెండో ఏడాది చిట్టాలోంచే తీస్తే కొమ్ముకు 5, మండకు 1, సహవిస్తృతి 2. అదే బేరానికి ఈసారి 5 − 4 + 1, అంటే 2.

“ఈ ఒక్క బేరం నిలిచింది. ఇంకెన్ని బేరాలని చూస్తవ్?”

పిల్లవాడు కాసేపు కాగితంతో కుస్తీపట్టాడు. ఏ బేరం విస్తృతైనా రెండు వర్గాల మొత్తమని తేలింది: కొమ్ము బస్తాల వర్గం ఒకటి, కొమ్ముకు రెండింతలు వేసి మండ కలిపితే వచ్చేదాని వర్గం రెండోది. కొన్నదో అమ్మినదో ఏదో ఒకటి ఉన్నంతకాలం ఏ బేరమూ దాన్ని సున్నా చేయలేదు.

నీతి: ఇలాంటి పట్టిక, అంటే సౌష్ఠవ మాత్రిక, పాజిటివ్ డెఫినిట్ అవునా కాదా అన్నది గళ్లు చూసి చెప్పకూడదు, సున్నా కాని ప్రతి కలయికకూ విలువ పాజిటివ్‌గా రావాలి.

వికర్ణం పాజిటివ్‌గా ఉండి తీరాలి గాని, అదొక్కటే చాలదు. వరుసలు తారుమారు చేయకుండా, పై వరుసకు తగిన రెట్లు తీసివేసి, మొదటి గడి కింద ఉన్నవాటిని సున్నా చేస్తూ మెట్టుమెట్టుగా దిగాలి. వికర్ణంలో మిగిలేవన్నీ పాజిటివ్ అయితే మాత్రిక గట్టిది. మొదటి పట్టికలో రెండో మెట్టు 1 − 4, అంటే మైనస్ 3. రెండోదానిలో 1 − 4/5, అంటే 1/5. మూడో రకం పసుపు, చూర ధర కూడా చేర్చితే ఇంకొక్క మెట్టు, అంతే. క్లాసుల్లో ఈ పరీక్షను బట్టీ పట్టించి, ఎందుకో చెప్పకుండా వదిలేయడం పిల్లలకు అన్యాయం. ఈ గుణం అవసరం బేరాలకే కాదు: వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945 నాటి పత్రంలో సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని ఫిషర్ సమాచార మాత్రికతోనే కొలిచారు. ఆ మాత్రిక పాజిటివ్ డెఫినిట్ కాకపోతే, పరామితులు మారినా దూరం సున్నా అని రావచ్చు.