సాంఘిక శాస్త్రంలో సంఘం ఎక్కడ?

సోషల్ ఎందుకు చదువుతున్నారని పదో తరగతి పిల్లల్ని అడిగితే ఎక్కువ మంది ఒకే జవాబు చెప్తారు. పాసవడానికి. లెక్కలు ఇంజనీరింగుకి, సైన్సు డాక్టరు చదువుకి, ఇంగ్లిషు ఉద్యోగానికి. సోషల్ మాత్రం పరీక్షకి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో సోషల్ పాఠాలు చెప్పే నాకు ఈ జవాబు కొత్త కాదు. పిల్లల్ని తప్పుపట్టాలనీ లేదు. ఈ సబ్జెక్టు ఎందుకు పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో మన బి.ఇడి. చదువులోనే సరిగ్గా చెప్పరు. పిల్లలకెలా తెలుస్తుంది?

దీని పుట్టుక అమెరికాలో. వర్జీనియాలోని హాంప్టన్ విద్యాలయాన్ని 1868లో స్థాపించారు. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి యువతీయువకుల కోసం పెట్టిన బడి అది. తర్వాత అమెరికా ఆదివాసీ పిల్లల్నీ చేర్చుకున్నారు. థామస్ జెస్సీ జోన్స్ అనే తెల్లజాతి సామాజిక శాస్త్రవేత్త 1900ల మొదటి దశకంలో అక్కడ పౌరశాస్త్రాన్నీ అర్థశాస్త్రాన్నీ సమాజ పరిశీలననీ కలిపి ఒక పాఠ్యక్రమం తయారుచేశాడు. దానికి పెట్టిన పేరే సోషల్ స్టడీస్. నల్లవాళ్లూ ఆదివాసీలూ సామాజిక పరిణామంలో వెనకబడి ఉన్నారనీ, ఎదగడానికి ఓర్పు కావాలనీ ఆయన నమ్మకం. ఓటు హక్కు లాక్కున్నదెవరు, భూమి లాక్కున్నదెవరు అన్నవి ఆ పాఠంలో పెద్ద ప్రశ్నలు కాలేదు. అదే జోన్స్ అధ్యక్షుడిగా ఉన్న కమిటీ 1916లో ఇచ్చిన నివేదికతో సోషల్ స్టడీస్ అమెరికా బడుల్లో సబ్జెక్టుగా వ్యాపించింది. జోన్స్ విద్యా దృక్పథాన్ని డుబోయిస్, కార్టర్ వుడ్సన్ వంటి నల్లజాతి మేధావులు గట్టిగా ఎదిరించారు. 1926లో నీగ్రో చరిత్ర వారోత్సవాన్ని మొదలుపెట్టింది ఈ వుడ్సనే.

మన దేశంలో ఈ పేరు 1952-53 నాటి మొదలియార్ కమిషన్‌తో స్థిరపడింది. చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం ఒకటిగా చూడాలనీ, విద్యార్థి తన సామాజిక పరిసరాలతో సర్దుబాటు చేసుకునేలా చెయ్యడమే లక్ష్యమనీ ఆ కమిషన్ భావించింది. పౌరశాస్త్రానికైతే అంతకన్నా పాత చరిత్ర ఉంది. రాజ్యం మీద భారతీయుల్లో అవిధేయత పెరుగుతున్న వలస కాలంలో అది బడిలోకి వచ్చిందని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే ఒప్పుకుంది.

సర్దుబాటు అన్న మాట దగ్గర మనం ఆగాలి. ఆడవాళ్లకి ఈ మాట ఏ కమిషనూ నేర్పక్కర్లేదు. పెళ్లిచూపుల దగ్గర మొదలై ముసలితనం దాకా వింటూనే ఉంటాం. అత్తగారింట్లో సర్దుకో, ఆఫీసులో సర్దుకో, తమ్ముడి చదువు కోసం నువ్వు సర్దుకో. సమాజం ఎలా ఉందో అలాగే ఉంటుంది, మారాల్సింది నువ్వేనన్నది దాని సారం. పాఠ్యపుస్తకం పౌరుడి విధులు అన్న శీర్షిక కింద చెప్పేది చాలాసార్లు ఇదే. వంటింట్లో చెప్పినప్పుడు పితృస్వామ్యం అని గుర్తుపట్టే మనం బడిలో చెప్పినప్పుడు చదువు అనుకుంటున్నాం.

అయితే సమాజాన్ని చదవడానికి ఇంకో దారి లేదా? ఇదే ఇబ్రహీంపట్నంలో ఉండింది. 1980ల్లో ఇక్కడ వ్యవసాయ కూలీలు, ముఖ్యంగా దళితులు, ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘంగా ఏర్పడ్డారు. వాళ్లతో కలిసి పనిచేసిన గీతా రామస్వామి 2022లో ఇంగ్లిషులో వచ్చిన తన స్వీయకథ 'ల్యాండ్, గన్స్, కాస్ట్, ఉమన్'లో ఆ కాలం గురించి రాశారు. వెట్టి నుంచి విడుదల, కూలి రేట్లు, భూమి. ఇవీ వాళ్ల పాఠాలు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 నుంచీ ఉంది. భూగరిష్ఠ పరిమితి చట్టం 1973 నుంచీ ఉంది. కనీస వేతనాల చట్టమైతే 1948లోనే వచ్చింది. మన పాఠ్యపుస్తకంలో ఇవన్నీ సంవత్సరంతో సహా బట్టీ పట్టాల్సిన పేర్లు. జీతగాళ్లుగా బతికిన వాళ్లకి ఇవి తాసీల్దారు ఆఫీసులో బల్ల మీద పెట్టాల్సిన కాగితాలు. ఈ సర్వే నంబరు ఎవరిది, పహాణీలో పట్టాదారు ఎవరు, సాగు చేస్తున్నదెవరు అని అడగడం సాంఘిక శాస్త్రం కాకపోతే మరేమిటి? 2020లో ధరణి వచ్చేసరికి తెర మీద సాగుదారు గడే లేకుండా పోయింది. ఒక గడి పోతే ఎంత మంది మనుషులు పోతారో చెప్పగలిగేది కూడా ఈ శాస్త్రమే.

సాంఘికం అన్న మాట సంఘం నుంచే వచ్చింది. తెలుగులో సంఘం అంటే సమాజమనీ అర్థం, జనం కూడి పెట్టుకున్నదనీ అర్థం. బడి మొదటి అర్థాన్ని తీసుకుని రెండోదాన్ని బయటే వదిలేసింది.

పుస్తకాలు మారలేదని కాదు. 2005 చట్రం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర చట్రం వచ్చింది. 2012 నుంచి వచ్చిన కొత్త సాంఘిక పుస్తకాలు పిల్లల్ని తమ ఊరి గురించి, తమ ఇంటి గురించి ఆలోచించమన్నాయి. అవి మంచి పుస్తకాలని నా అభిప్రాయం. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆస్తి హక్కుల పాఠం చెప్తున్నామనుకోండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి వర్తించింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆహార భద్రతా చట్టం వచ్చిన 2013 నుంచి రేషన్ కార్డుకి ఇంటి పెద్ద స్త్రీయే. భూమి పాసుబుక్కులో మాత్రం ఎక్కువగా మగవాళ్ల పేర్లే. బియ్యానికి అమ్మ, భూమికి నాన్న ఎందుకని ఒక అమ్మాయి క్లాసులో నన్ను అడిగింది. చాలా మంచి ప్రశ్న. అదే ప్రశ్న ఆమె సాయంత్రం ఇంట్లో అడిగితే? ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఇక్కడ ఎకరం ధర ఏమైందో అందరికీ తెలుసు. వాటా అనే మాట ఎత్తిన కూతురికి పుట్టిల్లు దూరమవుతుంది. పదిహేనేళ్ల పిల్లకి బడే ఆగిపోవచ్చు. నేను నాలుగున్నరకి బస్సెక్కి హైదరాబాదు వెళ్లిపోతాను. ప్రశ్న నాది, దెబ్బ ఆమెది. ఆ ప్రశ్న పిల్ల చేతికిచ్చే నైతిక హక్కు టీచరుకి ఉందా?

ఉండదు, కాబట్టి ఊరుకుందామని చెప్పేవాళ్లు మంచివాళ్లలోనూ ఉన్నారు. కానీ ఊరుకోవడం కూడా ఒక పాఠమే. హాంప్టన్‌లో జోన్స్ చెప్పిన పాఠం అదే. ఆ పాఠానికీ ఆడపిల్లే మూల్యం చెల్లిస్తుంది, కాకపోతే జీవితమంతా వాయిదాల్లో చెల్లిస్తుంది కాబట్టి మనకి కనపడదు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఇక్కడ దారి చూపిస్తుంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రిపూట చదువుకున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించడం వేరే కథ. ఏ ఒక్క ఆడమనిషో ఆ పాఠం చదివి ఒంటరిగా ఇంటికెళ్లి మొగుణ్ణి నిలదీసి ఉంటే తన్నులు తిని పడుకునేది. వాళ్లు కలిసి చదివారు, కలిసి వీధిలోకొచ్చారు. కూలీ సంఘం చేసిందీ అదే. పహాణీ అడగడానికి ఎవరూ ఒక్కరే పోలేదు.

అందుకే నాకు తోచేదిది. ప్రశ్న నేర్పడంతో టీచరు బాధ్యత తీరదు. ప్రశ్నకి తోడు కూడా ఇవ్వాలి. నీ ఇంటి పాసుబుక్కు తీసుకురా అని ఒక పిల్లని అడగకూడదు. ఊరి మొత్తంలో పట్టాదారులెంత మంది, అందులో స్త్రీలెంత మంది అని క్లాసంతా కలిసి లెక్క తియ్యాలి. బోర్డు మీద అంకె ఏ ఒక్క తండ్రినీ వేలెత్తి చూపదు, ఊరినంతా చూపుతుంది. మగపిల్లలూ ఆ లెక్క రాయాలి. రేపు అక్కచెల్లెళ్లకి వాటా ఇవ్వాల్సింది వాళ్లే. 2024 నుంచి తెలంగాణలో ప్రతి సర్కారు బడికీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది. మరమ్మతులూ మరుగుదొడ్లూ చూడటానికి అమ్మలు బడిలోకి వస్తున్నారు. వచ్చినవాళ్లకి ఆ లెక్క కూడా చూపించాలి. కూతురి ప్రశ్న ఇల్లు చేరకముందే తల్లికి తెలిసి ఉండాలి.

ఇంతమాత్రాన ఏ పిల్లా దెబ్బ తినదని హామీ ఇవ్వలేను. కానీ ఒంటరిగా తినే దెబ్బకీ, నలుగురికి తెలిసిన దెబ్బకీ తేడా ఉందని మనందరికీ అనుభవమే. ఆ నలుగుర్ని తయారుచెయ్యగలిగితేనే దాన్ని సాంఘిక శాస్త్రం అనొచ్చు. లేకపోతే అది సర్దుబాటు శాస్త్రమే.