అడుగుకు ఎంత?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్ అనే ఊరుంది. జనవరి రాత్రుల్లో చలి మైనస్ 25 డిగ్రీలకు కూడా దిగుతుంది. ఆ ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కనే ఒకే తీరు ఇళ్లు కట్టుకున్నారు. ఇక చూరుకు వాన నీళ్లు పట్టే గట్టర్లు బిగించాలి. ఒక్కో ఇంటికి 150 అడుగులు.

తమ్ముడు ఊళ్లో పేరున్న పనివాడికి ఫోన్ చేసి, “అడుగుకు ఎంత?” అన్నాడు. “12 డాలర్లు” అన్నాడు పెద్దాయన. ఇంకేదో చెప్పబోతుంటే తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. వేరే అతనితో అడుగుకు 5 డాలర్ల చొప్పున వినైల్ అనే ప్లాస్టిక్ గట్టర్లు వేయించాడు. మొత్తం 750. కొక్కేలు మూడడుగులకొకటి. నీళ్లు దిగే గొట్టాలను గోడ మొదట్లోనే వదిలేశారు.

అన్న ఆ పెద్దాయన్నే ఇంటికి పిలిచాడు. ఆయన వస్తూనే తిన్నగా అటకెక్కాడు.

“గట్టర్లకూ అటకకూ ఏం సంబంధమండీ?”

“ఇంట్లో వేడి సందుల్లోంచి అటకలోకి చేరితే కప్పు మీది మంచు కరుగుతుంది బాబూ. ఆ నీళ్లు చల్లటి చూరు దాకా వచ్చి మళ్లీ గడ్డకడతాయి. ఆ గడ్డ ఆనకట్టలా అడ్డం నిలిస్తే, వెనక చేరిన నీళ్లు ఇంట్లోకి దిగుతాయి. ముందు ఈ సందులు మూయించి, ఇన్సులేషన్ వేయించు.”

“మంచు కరిగించే కరెంటు తీగలు కూడా పెట్టించనా?”

“అటక బాగుంటే వాటి అవసరం రాదు. ఆ డబ్బు మిగుల్చుకో.”

పెద్దాయన మందపాటి అల్యూమినియం రేకును ఇంటి ముందే మిషన్‌లో వంచి, అతుకుల్లేని గట్టరు తీశాడు. 16 అంగుళాలకో కొక్కెం, పదడుగులకు పావు అంగుళం వాలు. గొట్టాల చివరలు గోడకు ఆరడుగుల దూరానికి సాగదీశాడు. గట్టర్లకు 1,800, అటకకు 700 అయింది.

“అన్నయ్యా, రేకు గొట్టానికి ఇంత పోస్తావా?” అన్నాడు తమ్ముడు.

చలికాలం వచ్చింది. తమ్ముడి గట్టర్ల నిండా నీళ్లు గడ్డకట్టాయి. గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. చలికి పెళుసెక్కిన వినైల్ ఆ ఒత్తిడికి, ఆ బరువుకి పగిలి, చూరు చెక్కనూ పెరుక్కుని కింద పడింది. ఏప్రిల్‌లో వానలు మొదలయ్యాయి. వెయ్యి చదరపుటడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్లు. గట్టర్లు లేని ఆ ఇంటి చుట్టూ నీళ్లు పునాదిలోకి ఇంకి బేస్‌మెంట్‌లో తేలాయి. గోడ పగుళ్లు పూడ్చి, గది ఆరబెట్టి, చెక్కలు మార్చి, గట్టర్లు మళ్లీ వేయించేసరికి ఖర్చు తడిసి మోపెడైంది. 6,000 డాలర్లు దాటింది.

“ఇదంతా నాకు ముందే చెప్పొచ్చుగా?” అని తమ్ముడు పెద్దాయన్ని నిలదీశాడు.

“నువ్వడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాను బాబూ. మిగతాది వినలేదు.”

నీతి: ధర అడగడం తప్పు కాదు, అక్కడితో ఆగిపోవడమే తప్పు. ఎక్కువ ఖర్చు పెట్టినవాడల్లా తెలివైనవాడు కాడు. అన్న కూడా అక్కర్లేని తీగల జోలికి పోలేదు. చలి ప్రాంతాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారందరికీ చెప్పేది ఒక్కటే. గట్టర్లకు బేరమాడేముందు నాలుగు సంగతులు అడగండి: రేకు ఎంత మందం, కొక్కేలు ఎంత దూరానికొకటి, నీళ్లు ఎక్కడ వదులుతారు, అటక చూశారా? వీటికి సరైన జవాబులు వచ్చాకే అడుగుకు ఎంతని అడగండి.