కొండగూడెం బడికి వెళ్తున్న ఉపాధ్యాయునికి



చేసే పనిని చేస్తున్నప్పుడూ, చేసిన తరువాతా పరీక్షించుకుని, అందులోని తప్పొప్పుల నుండే ముందుకు నేర్చుకోవడాన్ని వృత్తిపరమైన స్వీయ పరిశీలన అంటారు. డొనాల్డ్ షాన్ 1983లో వెలువరించిన గ్రంథంతో ఈ భావన ఉపాధ్యాయ శిక్షణలో బలంగా పాదుకొంది. అయితే పరిశీలించేవాడు తాను ఎక్కడ పుట్టి, ఏ అలవాట్లలో పెరిగాడో కూడా విచారించుకోకపోతే, ఆ పరిశీలన ఎంత నిజాయితీగా సాగినా పాత అభిప్రాయాలనే మళ్లీ ఖాయం చేస్తుంది.

మైదానంలోని కోరుకొండ నుండి గోకవరం మీదుగా, కొండగూడేలున్న రంపచోడవరం వెళ్లే దారి చిన్నదే గాని, దాని వెనుక చరిత్ర చిన్నది కాదు. ఆ కొండప్రాంతంలో 1879లో చెలరేగిన రంప తిరుగుబాటుకు కల్లుపై పన్ను, పోలీసుల దౌర్జన్యంతో పాటు, మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి కొండవారి ఆస్తులను జప్తు చేయించడమూ కారణమైంది. అందువల్ల గూడెంలో అడుగుపెట్టిన ఉపాధ్యాయుడు, ఎంత సజ్జనుడైనా, మొదట మైదానపు మనిషిగానే కనబడవచ్చు. అందుకు నొచ్చుకోకుండా, తాను కోరి తెచ్చుకోని ఆ గుర్తింపు కూడా తనదేనని ఒప్పుకోవడం అతనికి అవసరం.

ఆ గూడేల గిరిజనుల్లో కోయలకు వేరే భాష ఉన్నది కనుక వారి విషయంలో భేదం చెవికే తెలుస్తుంది. మరో తెగ అయిన కొండరెడ్లు మాట్లాడేది తెలుగే, చిక్కంతా అక్కడే ఉన్నది. మాట ఒకటైతే బతుకూ ఒకటేనని నమ్మిన ఉపాధ్యాయుడు, పిల్లవాడి మౌనాన్ని మందబుద్ధిగా లెక్కగట్టి, పోడు పనుల రోజుల్లో, అంటే అడవిని కొట్టి కాల్చి ఆ చోట విత్తుకునే సేద్యం సాగే రోజుల్లో, వాడు తల్లిదండ్రుల వెంట వెళ్లడాన్ని నిర్లక్ష్యమని తీర్మానిస్తాడు. కోరుకొండవారికి కొండ అనగానే నరసింహస్వామి, ఫాల్గుణ మాసపు తీర్థం గుర్తుకు వస్తాయి. ఆ పిల్లవాడికి కొండంటే ఏడాది తిండిగింజలు.

ఇందుకు భిన్నంగా, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి (1863–1940) సవర గిరిజనుల దగ్గరే వారి భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటలోనే వాచకాలు రాసి, 1938లో నిఘంటువు కూడా వెలువరించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిన తరువాత ఆయన రాజమహేంద్రవరం వచ్చి స్థిరపడ్డారు. నేర్పవలసినవాడు ముందు శిష్యుడు కావడమే ఆయన వృత్తిలోని గొప్పతనం, దానితో పోలిస్తే ఆయనకు దక్కిన బిరుదులు స్వల్పమైనవి.

భేదాన్ని గౌరవించడమనే పేరుతో జరిగే అన్యాయం మరొకటి ఉన్నది. ఈ పిల్లలకు ఆటపాటలు చాలు, లెక్కలు ఎందుకని జాలిపడే ఉపాధ్యాయుడు వారి హక్కును తీసివేస్తున్నాడు. కోపాన్ని గుర్తుపట్టడం కన్నా ఈ జాలిని తనలో గుర్తుపట్టడం చాలా కష్టం, ఎందుకంటే అది మంచితనంలాగే ఉంటుంది.

కనుక గూడెం బడికి వెళ్లే ఉపాధ్యాయుడు తన దినచర్య పుస్తకంలో పిల్లలు ఏమి చేశారో రాసిన పక్కనే, దానికి తాను పెట్టిన పేరు ఏమిటో, ఆ పేరు తనకు ఎక్కడ అలవాటైందో కూడా రాసుకోవాలి. పోడు పనులు ఏ నెలల్లో పడతాయో గూడెం పెద్దలను అడిగి తెలుసుకుని, పరీక్షల తేదీలు నిర్ణయం కాకముందే ప్రధానోపాధ్యాయులకు ఆ సంగతి విన్నవించాలి.