విశేష్యం లేని మంచి

ఇంగ్లీషు నేర్చుకునేవారికి విశేషణం రెండు చోట్ల వస్తుందని మొదట్లోనే చెబుతారు: నామవాచకానికి ముందు, లేదా ‘ఈజ్’ తర్వాత. ‘రెడ్ కార్’ అన్నా ‘ద కార్ ఈజ్ రెడ్’ అన్నా ఒకటేనంటూ ఒకదాన్ని మరోదానిగా మార్చమని అభ్యాసం ఇస్తారు. ఎరుపుతో పేచీ లేదు. చిక్కంతా ‘గుడ్’ దగ్గరే. ‘హి ఈజ్ ఎ గుడ్ సింగర్’ అన్నదాన్ని ‘హి ఈజ్ ఎ సింగర్’, ‘హి ఈజ్ గుడ్’ అని విడగొడితే బాగా పాడేవాడు కాస్తా గుణవంతుడైపోతాడు. బడిపిల్లల వ్యాకరణంలా కనిపించే ఈ తేడా మీద నీతిశాస్త్రంలో పెద్ద తగవే నడిచింది. మంచి అనేది వస్తువులో దానంతటది ఉండే గుణమా, లేక ‘మంచి ఫలానాది’ అన్నప్పుడే దానికి అర్థమా? రెండోదే సరైనదని నా వాదన.

మొదటి పక్షానికి పెద్దదిక్కు జి.ఇ. మూర్. 1903లో వచ్చిన ‘ప్రిన్సిపియా ఎథికా’లో ఆయన మంచిని పసుపు రంగుతో పోల్చాడు. రెండూ ఇంకా చిన్న భాగాలుగా విడదీయలేని గుణాలేనని, వాటిని నిర్వచించడం కుదరదని అన్నాడు. 1956లో పీటర్ గీచ్ ‘గుడ్ అండ్ ఈవిల్’ అనే చిన్న వ్యాసంలో సరిగ్గా అక్కడే దెబ్బకొట్టాడు. దూరంగా ఎర్ర కారు ఒకటి ఉంది. చూపు మందగించినవాడికి ఏదో ఎర్రటిది ఉందని మాత్రమే తెలుస్తుంది. చూపు చురుగ్గా ఉండి రంగులు తెలియనివాడికి కారని మాత్రమే తెలుస్తుంది. ఇద్దరి మాటా కలిపితే ‘ఎర్ర కారు’ వచ్చేస్తుంది. ‘మంచి కారు’ అలా రాదు; అదేమిటో తెలియకుండా దాని మంచిని మాత్రం దూరం నుంచి పసిగట్టగలవాడు ఎవడూ ఉండడు. పెద్ద, చిన్న అనే మాటలదీ ఇదే తీరు. పెద్ద చీమ పెద్ద జంతువైపోదు కదా.

తెలుగువాళ్లకు ఇది వింతగా తోచకూడదు. ‘అతను మంచి’ అని మనం వాక్యం ముగించలేం. మంచివాడు అనాలి, మంచి డాక్టరు అనాలి. ‘వాడు’ చేరగానే కొలత మనిషికి సంబంధించినదవుతుంది. తాళం చెక్కుచెదరకుండా ఇల్లంతా ఊడ్చుకుపోయినవాణ్ని చెయ్యి తిరిగిన దొంగ అంటామే గాని మంచివాడనం. భాష ఇలా ఉంది కాబట్టి లోకమూ ఇలాగే ఉండాలని కాదు. వ్యాకరణాన్ని సాక్ష్యానికి పిలవొచ్చు, తీర్పు మాత్రం అడగకూడదు. పైగా ‘మంచి జరిగింది’ అని విడిగానూ అంటున్నాం కదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు. అంటాం. కానీ వెంటనే ఎవరికి అనే ప్రశ్న వస్తుంది. వాడికి, ఊరికి, పంటకి. విశేష్యం ఖాళీ చేసిన చోట ‘కి’ వచ్చి కూర్చుంటుంది.

అసలు బరువైన ఆక్షేపణ ఆర్.ఎం. హేర్‌ది. గీచ్‌కు 1957లో ఇచ్చిన జవాబులో ఆయన పనిని సూచించే మాటలకూ తక్కినవాటికీ మధ్య గీత గీశాడు. కత్తికి కోయడం పని గనక మంచి కత్తి ఏదో తెలుస్తుంది; మరి మనిషి పనేమిటి? కంటికీ చేతికీ కాలికీ పని ఉన్నప్పుడు మొత్తం మనిషికి ఉండదా అని అరిస్టాటిల్ అడిగాడు గాని, భాగాలకు పని ఉన్నంత మాత్రాన మొత్తానికీ ఉండాలని లేదు. నాకు ఫిలిపా ఫుట్ దారే నయమనిపిస్తుంది. 2001 నాటి ‘నేచురల్ గుడ్‌నెస్’లో ఆమె చూపేది పనిని కాదు, బతుకు తీరును. మందతో కలిసి తింటూ వేటకు మాత్రం రాని తోడేలులో తోడేలుగానే ఒక లోపం ఉంది. మాట తప్పే మనిషిలోనూ అలాంటిదే. మనిషి బతుకు తీరు ఏదన్న దాని మీద తగవులు తెగవన్నది నిజమే. అయితే అవి మనిషి గురించిన తగవులు. మూర్ చెప్పిన విడి గుణం వాటినేమీ తీర్చలేదు.

ఈ వాదం నిజంగా ఇరుకున పడేది దేవుడి దగ్గర. తైత్తిరీయ భాష్యంలో శంకరులు ఈ చిక్కును ముందే ఎత్తుకున్నారు. నల్లకలువను ఎర్రకలువ నుంచి వేరుచేసినట్టు విశేషణం ఒక వస్తువును దాని జాతిలోని తక్కినవాటి నుంచి వేరుచేస్తుంది. తనకు సాటి మరొకటి లేని బ్రహ్మానికి విశేషణంతో పనేమిటి? అందుకే ఉపనిషత్తు వాడిన పదాలను ఆయన లక్షణంగా, అంటే సమస్తం నుంచీ వేరుచేసి చూపేవిగా తీసుకున్నారు. మంచివాడిలోని ‘వాడు’కు అక్కడ చోటు లేదు. వరదలో ఊరు మునిగాక ‘మంచివాడైతే ఆపేవాడు’ అనే నాస్తికుడు మనిషి కొలతతోనే దేవుణ్ని కొలుస్తున్నాడు. ‘అంతా మన మంచికే’ అనే భక్తుడు మాత్రం ఆ ‘మన’లో మునిగిపోయినవాళ్లు ఉన్నారో లేదో చెప్పాల్సి ఉంటుంది.